తథాస్తుకు దొరకని మాట

మా వైపు ఆ జబ్బుకు పేరు లేదు. భైంసాలో ఒక పత్తి వ్యాపారి ఇంట్లో దాన్ని ఉర్దూలో వహం, అంటే భ్రమ, అన్నారు. ఖానాపూర్ దగ్గర ఒక పల్లెలో గాలి సోకిందన్నారు. కరీంనగర్‌లో ఎక్కువమంది అనుమానం అనేవాళ్లు. ఆ మాట వినగానే మా కంపౌండరు మీసాల చాటున నవ్వుకునేవాడు. ఆయన దృష్టిలో అనుమానం అనేది మొగుడికి పెళ్లాం మీద ఉండేదే తప్ప, పద్నాలుగేళ్ల పిల్లకు తన చేతుల మీద ఉండేది కాదు. ఒకసారి ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండి బయటికి పొమ్మన్నాను. పోయాడు. పోతూ పోతూ మందుల బీరువా తాళం కూడా పట్టుకుపోయాడు. మళ్లీ నేనే వెళ్లి బతిమాలుకోవాల్సి వచ్చింది.

కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. మనసుకు వైద్యం చేసేవాళ్లకు అది ఉండకూడదని చదువుకునే రోజుల్లో మా ప్రొఫెసరు ఎన్నోసార్లు చెప్పాడు. చెప్పినప్పుడల్లా నాకు కోపం వచ్చేది. చెన్నూరులో మా ఇంట్లోవాళ్లకైతే నా చదువే పెద్ద తలనొప్పి. నేను కాన్పుల డాక్టరునైతే ఊరంతా చెప్పుకుని మురిసిపోదామనుకున్న మా అవ్వ, అదే మా అమ్మ, పిచ్చివాళ్ల వైద్యం తీసుకున్నానని తెలిసి కొన్నాళ్లు నాతో మాట్లాడనే లేదు. తర్వాత మాట్లాడింది గానీ, చుట్టాలు అడిగితే మాత్రం తన బిడ్డ నరాల డాక్టరని చెప్పేది. ఆ నరాలేమిటో ఎవరూ అడగలేదు కాబట్టి ఆమె పరువు నిలబడింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లయిన కాలం అది. నేను హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో పనిచేస్తూ, పరిశోధన కోసం నెలనెలా కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు తిరిగేదాన్ని. దుమ్ము రోడ్ల మీద బస్సుల్లో తిరిగి తిరిగి నా చీరలన్నీ ఒకే రంగులోకి వచ్చాయి. జిల్లా ఆసుపత్రుల్లో వెనక వరండాలో ఒక బల్ల, రెండు కుర్చీలు ఇచ్చేవాళ్లు. అక్కడికి వచ్చే జ్వరాలనూ నొప్పులనూ దాటుకుని, ఒకే ఆలోచన దగ్గర ఇరుక్కుపోయిన పిల్లలను వెతుక్కోవడం నా పని. పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల లోపు వాళ్లు. చేతులు కడిగి కడిగి చర్మం పగిలిన వాళ్లు, తలుపు గొళ్లెం పెట్టి, తీసి, మళ్లీ పెట్టి బడికి వెళ్లలేకపోయిన వాళ్లు, ఒకే పాఠంలో ఒకే వాక్యం దగ్గర ఆగిపోయి పరీక్ష తప్పిన వాళ్లు.

నాకు వాళ్ల మీద మొదటి నుంచీ ఒక ప్రత్యేకమైన ప్రేమ. మనసుకు వచ్చే మిగతా పెద్ద జబ్బుల్లో రోగికి తన మాట అబద్ధమని తెలియదు. ఈ పిల్లలకు తెలుసు. చేతులు శుభ్రంగా ఉన్నాయని తెలుసు, తలుపు వేసే ఉందని తెలుసు. తెలిసి కూడా ఆగలేరు. అందుకని సిగ్గుపడతారు, దాచుకుంటారు. ఇంట్లోవాళ్లు మొండితనం అనుకుని తన్నేదాకా తెచ్చుకుంటారు. ఒకడు దెబ్బలు తిని వచ్చి నా ముందు కూర్చుని, తనకే తన మీద నవ్వొస్తుందని చెబుతూ ఏడ్చాడు. అలాంటి పిల్లవాడిని చూశాక ఎవరైనా దాన్ని పొగరు అంటే నాకు చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది సాలెల ఇంటి పిల్లవాడి గురించి. కరీంనగర్ నుంచి బస్సులో పోవలసిన ఒక చిన్న ఊరు వాళ్లది. తల్లీ తండ్రీ ఇద్దరూ చెరో వైపు పట్టుకుని తీసుకొచ్చారు. పదిహేడేళ్లుంటాయి. ఎముకల గూడు. మూతి చుట్టూ తుడిచి తుడిచి ఎర్రగా పుండ్లు పడ్డాయి. చేతిలో ఒక గుడ్డ, అందులో మాటిమాటికీ ఉమ్మేస్తున్నాడు. క్షయ అనుకుని ఎవరో ఆ వార్డుకు పంపితే, అక్కడి డాక్టరు ఊపిరితిత్తులు బాగున్నాయని నా దగ్గరికి తోలాడు.

“రెండో బుక్క పెట్టుకుంటలేడు డాక్టరమ్మా,” అంది తల్లి.

ఆ మాట నాకు మొదట అర్థం కాలేదు. ఆమె విడమరిచి చెప్పింది. కంచంలో అన్నం కలిపి పెడితే మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటాడట. ఆ చెయ్యి పెదవులకు తగిలింది కాబట్టి ఎంగిలైంది. ఎంగిలి చేత్తో మళ్లీ అన్నం ముట్టుకుంటే అన్నమంతా ఎంగిలి. అందుకని లేచి చెయ్యి కడుక్కుంటాడు, నోరు పుక్కిలిస్తాడు, తిరిగొచ్చి కూర్చుంటాడు. మొదట్లో అలా ముద్దకోసారి కడుక్కుంటూనే ఒక పూటంతా తిని లేచేవాడు. తర్వాత తర్వాత లేవలేక ఒక ముద్దతోనే ఆపేశాడు. తల్లి పెడతానంటే ఆమె చెయ్యి కూడా ఎంగిలవుతుందని వద్దన్నాడు. ఇప్పుడు పై నుంచి పోసుకునే మజ్జిగ మీద బతుకుతున్నాడు. మనందరం రోజూ చేసే పనే, మన ఎంగిలి మనకు పట్టదు కదా. ఈ పిల్లవాడికి పట్టింది. ఆలోచిస్తే అతని లెక్కలో తప్పెక్కడుందో నేను కూడా చూపించలేకపోయాను.

కథ ఎక్కడ మొదలైందో తండ్రి చెప్పాడు. మగ్గం నేసేవాళ్లకు ఒక అలవాటుంది. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో దారం చుట్టిన కొత్త కండె వేసినప్పుడు, నాడె పక్కనుండే సన్నని కన్నానికి నోరు ఆనించి పీలుస్తారు. దారం కొస బయటికి వస్తుంది. కండె అయిపోయినప్పుడల్లా ఇది చెయ్యాలి. ఊపిరి తీసినట్టు చేస్తారు, చేశామని కూడా వాళ్లకు తెలియదు. అయితే ఊరి గుడిలో దేవుని పెళ్లికి దేవి చీర నేసేటప్పుడు మాత్రం నోరు పెట్టకూడదు. నేసేవాడు తానం చేసి, ఒక్క పొద్దు ఉండి, మూతికి గుడ్డ కట్టుకుని, సన్నని తీగతో దారం లాగాలి. ఆ యేడు వంతు వీళ్ల ఇంటికి వచ్చింది. కొడుకు చెయ్యి సాపుగా ఉంటుందని తండ్రి వాడినే కూర్చోబెట్టాడు. చీర బాగా వచ్చింది. పెళ్లి అయింది. ఊరంతా మెచ్చుకుంది.

ఆ దేవుని పెళ్లయిన కొన్నాళ్లకు పిల్లవాడికి ఒక సందేహం వచ్చింది. నేసేటప్పుడు ఎప్పుడో ఒకసారి, మూతి గుడ్డ కిందికి జారినప్పుడు, అలవాటు కొద్దీ నోటితో దారం పీల్చాడేమో. పీల్చాడా? తెలియదు. పీల్చలేదా? అదీ తెలియదు. ఎంత గుర్తు చేసుకుంటే అంత చెదిరిపోతుంది. పీల్చి ఉంటే దేవికి ఎంగిలి చీర కట్టించినట్టు. ఆ పాపం ఊరికే పోదు, ఇంట్లో ఎవరికో తగులుతుంది. ఎవరికో కాదు, తన తల్లికి. అలా అని వాడికి ఎవరూ చెప్పలేదు. ఎందుకు తల్లికే అని నేను అడిగితే, నేలకేసి చూస్తూ, ఆమె పోతే తను బతకలేడు కాబట్టి అన్నాడు. ఇలాంటి పిల్లల దగ్గర నేను ఎప్పుడూ గమనించింది ఇదే. భయం ఏరికోరి వాళ్లకు అన్నిటికన్నా ఇష్టమైన చోటే వచ్చి కూర్చుంటుంది.

మేం మాట్లాడుతున్నంత సేపూ వాడు మధ్యమధ్యలో తల్లి వైపు తిరిగి మెల్లగా అడుగుతున్నాడు. “అవ్వా, నీకేం గాదు గదా?” తల్లి వాడి వీపు మీద చెయ్యి వేసి “ఏం గాదు బిడ్డా” అంటోంది. ఆ మాట వినగానే వాడి భుజాలు కిందికి జారేవి, ముఖం తేటపడేది. చూడటానికి ఎంత బాగుండేదో. ఆ తేట ఎంతో సేపు ఉండేది కాదు. మళ్లీ భుజాలు బిగుసుకునేవి, మళ్లీ అడిగేవాడు. మళ్లీ అదే జవాబు. నేను గడియారం చూసుకోలేదు గానీ, ఆ మధ్యాహ్నం గడిచే కొద్దీ అడగడానికీ అడగడానికీ మధ్య ఎడం తగ్గిపోతోందని అర్థమైంది. తల్లి గొంతు బొంగురుపోయింది. పాపం, అయినా విసుక్కోలేదు. ఆ ఓపికే వాడిని తినేస్తోందన్న సంగతి నాకు అప్పుడే తట్టింది.

హైదరాబాద్ వెళ్లి మా ప్రొఫెసరుకు అంతా చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, ఆ రోజుల్లో ఉన్న వైద్యం ఏమిటో అదే చెప్పాడు. పిల్లవాడు చిక్కిపోతున్నాడు, కరెంటు పెట్టినా ఈ జబ్బుకు పెద్దగా పనిచెయ్యదు, మిగిలింది తలకు ఆపరేషన్. వచ్చే నెల దాకా చూడు, బరువు పెరక్కపోతే తీసుకురా అన్నాడు. చచ్చిపోయేదానికన్నా అది నయం కదా అని కూడా అన్నాడు.

అలా ఆపరేషన్ అయిన ఒక యువకుణ్ణి నేను వార్డులో చూశాను. అతనిక చేతులు కడుక్కోవడం లేదు. ఇంకేమీ చెయ్యడం కూడా లేదు. పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. తల్లి చూడటానికి వస్తే ముఖం ఒకసారి ఆమె వైపు తిప్పి, మళ్లీ కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆమె బయటికి వచ్చి గోడకు చేరగిలపడింది. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. నా సాలెల పిల్లవాడి భయమంతా తల్లి మీద ప్రేమే. ఆ భయాన్ని కోసేస్తే ప్రేమను మిగిల్చే కత్తి ఎవరి దగ్గరుంది? కళ్లముందే వాడు ఎండిపోతే చూస్తూ ఊరుకోనూ లేను. వచ్చే నెల లోపల వాడు అన్నం తినాలి. అంతే.

ముందు కరీంనగర్ ఆసుపత్రిలోనే ఒక మంచం ఇప్పించి ప్రయత్నించాను. నా ఆలోచన సూటిగా ఉండేది. ముద్ద తిన్నాక కడుక్కోనివ్వకుండా పక్కన కూర్చుంటే, భయం పెరిగి పెరిగి దానంతటదే దిగుతుందేమో చూద్దామని. తర్వాత్తర్వాత ఈ పద్ధతికి పెద్ద పెద్ద పేర్లు వచ్చాయి, అప్పుడు నాకది మొండి పట్టుదల మాత్రమే. వాడు వణికాడు, చెమటలు కక్కాడు, నన్ను తిట్టాడు కూడా. ఆఖరికి తిన్నాడు. నేను సంబరపడి కంపౌండరుకు టీ తెప్పించాను. వాణ్ణి ఇంటికి పంపిన మర్నాడే తండ్రి వాణ్ణి వెంటబెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఇంట్లో అడుగుపెట్టగానే మళ్లీ మొదటికొచ్చిందట. తల ప్రాణం తోకకొచ్చింది నాకు. ఎందుకలా అని వాణ్ణే అడిగితే తేలిగ్గా చెప్పేశాడు. ఆసుపత్రిలో మగ్గం లేదు కదా, అక్కడ ఏం చేసినా లెక్కలోకి రాదు.

అందుకని వాళ్ల ఊరికి పోయాను. ఆ ఊళ్లో నాకు దూరపు చుట్టాల ఇల్లొకటి ఉంటే అక్కడ దిగాను, మా అవ్వకు మాత్రం చెప్పలేదు. సాలెల వాడలోకి అడుగు పెట్టగానే మగ్గాల చప్పుడు నాలుగు వైపులా వినబడుతుంది. వీళ్ల ఇంట్లో మాత్రం ఒకటే మగ్గం ఆడుతోంది, తండ్రిది. కొడుకు మగ్గం మీద సగం నేసిన తువ్వాల అలాగే ఉండిపోయి దుమ్ము పట్టింది.

ఆ ఇల్లు చూశాక నాకు అసలు సంగతి తెలిసింది. వాడొక్కడే కాదు, ఇల్లంతా జబ్బు పడింది. తండ్రి తన మగ్గం దగ్గర ఇత్తడి గిన్నెలో నీళ్లు పెట్టుకుని, దారం తెగితే ఉమ్మి తడి బదులు ఆ నీళ్లతో అతుకుతున్నాడు. నాడెకు నోరు పెట్టడం మానేసి తీగతో లాగుతున్నాడు, పని సగానికి సగం తగ్గింది. తల్లి ఉప్పు చూడటం మానేసింది, కూరలో ఉప్పెక్కువైనా తక్కువైనా అందరూ నోరు మూసుకుని తింటున్నారు. పక్కింటివాళ్లు వస్తే బయటే మాట్లాడి పంపిస్తున్నారు, మాట్లాడితే తుంపరలు పడతాయని. ఇదంతా వాడు బలవంతం చేసింది కాదు. పిల్లవాడు పరేషాన్ అవుతున్నాడని ఒక్కొక్కటే వాళ్లే సర్దుకున్నారు. మీద నుంచి గుడి పంతులుతో చెప్పించారు, దేవికి ఎంగిలి అంటదని. ఆ మాట వాడిని ఒక పూట నిలబెట్టింది. ఆ తర్వాత పంతులు తన మీద జాలితో అబద్ధం చెప్పాడేమో అనే కొత్త సందేహం పుట్టింది.

తల్లినీ తండ్రినీ వాకిట్లో కూర్చోబెట్టి నాకు తోచింది చెప్పాను. గిన్నె తీసెయ్యాలి. తండ్రి నోటితోనే దారం పీల్చాలి. తల్లి ఉప్పు చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, “ఏం గాదు” అనే మాట ఈ ఇంట్లో ఎవరూ అనకూడదు. ఆ మాట వాడికి సారా లాంటిది, తాగినప్పుడు హాయిగా ఉంటుంది, దిగాక ఇంకా కావాలనిపిస్తుంది. తండ్రి తలూపాడు. తల్లి ఊపలేదు. మరి వాడు అడిగితే ఏమనాలి అంది. నేను ఆలోచించకుండా నా సహజమైన దురుసుతో, “సచ్చిపోతనేమో, ఎవరికెరుక” అనమన్నాను.

ఆమె లేచి నిలబడింది.

“నా నోటితోని నేను గా మాట అననమ్మా. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటరు. నేను సస్తే ఫికర్ లేదు. నేనన్న మాట నిజమై నేను పోతే, ఇగ నా కొడుకు బతుకుతడా?”

 అలాంటి దేవతలు లేరని వాదిద్దామనుకున్నాను, కానీ నేను కూడా చిన్నప్పుడు సందె వేళ చావు మాట ఎత్తితే మా అవ్వ చేత నోటి మీద దెబ్బ తిన్నదాన్నే. ఎవరి నోట ఏ మాట వస్తే పైన వాళ్లు తథాస్తు అంటారని భయపడే ఊళ్లో, తల్లిని తన చావు తనే పలకమనడం ఎంత మొరటు పనో అప్పుడు వెలిగింది. పైగా ఆమె చెప్పింది చూడండి. తన ప్రాణం గురించి కాదు ఆమె భయం. మాట నిజమైతే కొడుకు ఏమైపోతాడనే. ఆ రోజు మా ఇద్దరికీ పొసగలేదు. ఆమె చిటపటలాడుతూ లోపలికి పోయింది, నేను కూడా పళ్లు నూరుకుంటూ చుట్టాలింటికి వచ్చాను.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి ఆమె వాకిలి ఊడుస్తోంది. చీపురు పక్కన పెట్టి, రాత్రంతా ఆలోచించిన దానిలా, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా చెప్పింది.

“వాడు అడిగితే నేను ఏమో అంట. గంతే అంట. గా మాటకు దేవతలు తథాస్తు అంటే మాత్రం ఏమైతది? ఏమో గానే ఉంటది.”

నాకు ఫక్కున నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది, కొంగు అడ్డం పెట్టుకుని. నవ్వు ఆగాక నేను అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాను. చావు రాదని చెబితే అబద్ధం, వస్తుందని చెబితే అశుభం. ఆ రెండింటి మధ్య ఇంత చిన్న చోటుంది. ఈ పిల్లలందరూ పారిపోతున్నది సరిగ్గా ఆ చోటు నుంచే కదా. తలుపు వేశానా? ఏమో. చేతులు శుభ్రమేనా? ఏమో. మనందరం పొద్దున లేచింది మొదలు ఆ ఏమోలోనే కాపురం చేస్తున్నాం, దాన్ని పట్టించుకోకుండా. వాళ్లకు అందులో ఒక్క క్షణం నిలబడటం చేతకావడం లేదు. నేను వాళ్లకు ధైర్యం ఇవ్వాలని ఇన్నాళ్లు చూశాను. ఇవ్వాల్సింది అక్కడ నిలబడే అలవాటు.

పని అంత తేలిగ్గా జరగలేదు. గిన్నె తీసేసిన రోజున పిల్లవాడు తండ్రి మగ్గం దగ్గరికి వెళ్లి, ఆయన నాడెకు నోరు పెట్టగానే చెవులు మూసుకుని బయటికి పరుగెత్తాడు. తండ్రి మనసాగక లేచి వెంట పోబోతే నేను గద్దించి కూర్చోబెట్టాను. ఆయన నా ముఖం చూడకుండా నేశాడు. ఆ సాయంత్రమే తల్లి ఒకసారి నోరు జారి పాత మాట అనేసింది, అన్నాక నా వైపు దొంగలా చూసింది. నాకు కోపం రాలేదు, అదే వింత. నేనైనా అనేసేదాన్నే, వాడు అడిగే తీరు అలా ఉంటుంది. ఇటు చూస్తే నెల దగ్గర పడుతోంది. వాడు మజ్జిగ తప్ప ముట్టడం లేదు. మా ప్రొఫెసరు మంచం సిద్ధం చేయించానని కబురు పంపాడు. నేను ఆ కబురు ఇంట్లో వాళ్లకు చెప్పేశాను, దాచడం నాకు చేతకాదు. పిల్లవాడికీ చెప్పాను. ఆ ఆపరేషన్ అయితే భయం పోతుందా అని అడిగాడు. పోతుందన్నాను. మరి అవ్వ? అని అడిగాడు. ఆమె ఎదురుగా ఉంటుంది గానీ నీకు ఇప్పుడున్నట్టు అనిపించకపోవచ్చు అన్నాను. వాడు లేచి వెళ్లి తన మగ్గం మీద దుమ్ము దులిపాడు.

ఒక మధ్యాహ్నం వాడు మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. నేను పక్కన నేల మీద, తల్లి గడప దగ్గర. తండ్రి తన మగ్గం ఆపేస్తే ఆపొద్దన్నాను, ఆయన ఆడిస్తూనే ఉన్నాడు. పిల్లవాడు నాడెలో కండె వేశాడు. నాడెను నోటి దాకా తెచ్చి దించాడు. మళ్లీ తెచ్చాడు, దించాడు. చెమట ముక్కు మీద నుంచి కారుతోంది. నాకు అరిచి ఆపెయ్యాలనిపించింది, నిజం చెబుతున్నాను. పిల్లవాణ్ణి ఇలా హింసించే హక్కు నాకెవరిచ్చారు అనిపించింది. ఇంతలో కళ్లు మూసుకుని, కన్నానికి పెదవులు ఆనించి పీల్చాడు. దారం వచ్చింది.

వెంటనే తల్లి వైపు తిరిగాడు. వాడి ముఖం మళ్లీ చూడకూడదనిపించేంత దీనంగా ఉంది.

“అవ్వా, నీకేం గాదు గదా?”

తండ్రి మగ్గం ఆగిపోయింది. తల్లి గడప పట్టుకుంది. ఆమె నోట్లోకి ఆ పాత మాట వచ్చేసిందని నాకు తెలుసు, పెదవులు దాని కోసం తెరుచుకున్నాయి కూడా.

“ఏమో బిడ్డా,” అంది.

వాడు అరిచాడు. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పింది. మూడోసారి ఏడుస్తూ అడిగాడు, ఆమె కూడా ఏడుస్తూనే అంది, మాట మాత్రం మార్చలేదు. నాడె విసిరికొట్టి లేచిపోతాడనుకున్నాను. లేవలేదు. చేతిలో ఉన్న నాడె వైపు చూశాడు, తువ్వాల వైపు చూశాడు, ఇక చెయ్యడానికి మరేమీ లేనట్టు నెయ్యడం మొదలుపెట్టాడు. మొదట్లో దారాలు తెగాయి. తెగిన ప్రతిదాన్నీ వేళ్లు నాలుక మీద తడుపుకుని అతికాడు, అతికినప్పుడల్లా ఒళ్లు జలదరించింది. తండ్రి మగ్గం మళ్లీ కదిలింది. కాసేపటికి ఇద్దరి చప్పుడూ ఒకదాని మీద ఒకటి పడుతూ ఇల్లంతా నిండింది. ఎండ వాకిట్లోంచి గోడెక్కే దాకా నేను అలాగే కూర్చున్నాను, కాళ్లు తిమ్మిరెక్కి లేవలేకపోయాను. పిల్లవాడు తల్లిని అడగడం ఎక్కడ ఆపాడో నేను గమనించనే లేదు.

పొద్దు వాలుతుండగా వాడు గుంటలోంచి కాళ్లు బయటికి తీసి, ఆకలైతుందని చెప్పాడు. తల్లి పరుగెత్తింది. జొన్నరొట్టె, పప్పు. మొదటి ముక్క తిన్నాడు. చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఎవరమూ వాడి వైపు చూడలేదు, చూడొద్దని నేను ముందే చెప్పాను. నేను గోడకు ఉన్న మేకు వైపు చూస్తూ కూర్చున్నాను. రొట్టె తుంచిన చప్పుడు వినబడింది. తర్వాత ఇంకోసారి వినబడింది. తండ్రి మగ్గం మీదికి వంగి, దారమేదో తెగినట్టు నటిస్తూ కళ్లు తుడుచుకున్నాడు.

ఇంతటితో అంతా బాగైపోయిందని నేను చెప్పను. వాడికి మళ్లీ వచ్చింది, మళ్లీ తగ్గింది, ఆ తర్వాత ఎన్నో ఏళ్లు అలా నడిచింది. కానీ ఆ నెల బస్సులో హైదరాబాద్‌కు నేనొక్కదాన్నే వెళ్లాను. మంచం అక్కర్లేదని ప్రొఫెసరుకు చెబితే, నీ మొండితనం ఇన్నాళ్లకు ఒకరికి పనికొచ్చింది అన్నాడు. ఆ ఒక్కసారి మాత్రం ఆయన మీద కోపం రాలేదు.

నేను ఆ ఊరు వదిలే ముందు తల్లి నా వెంట బస్సు ఆగే చోటి దాకా వచ్చింది. ఆ మాట ఇంకెన్నాళ్లు అనాలని అడిగింది. వాడు అడిగినన్నాళ్లు అనాలన్నాను. ఆమె తలూపింది. బస్సు దుమ్ము దూరంగా కనబడ్డాక నా వైపు తిరిగింది.

“వాడు అడిగితే ఏమో అంట. అంటనే ఉంట. మరి నాకు భయమైతే నేనెవలను అడగాలె, డాక్టరమ్మా? వాడు మంచిగుంటడని నాకెవలు చెప్తరు?”

 వాడు ఏమవుతాడో నాకు నిజంగా తెలియదు. నేను ఆ ఇంట్లో పెట్టిన నియమం ప్రకారం ఆమెకు చెప్పాల్సింది ఒకే ఒక్క మాట, ఆ మాట ఆమె నుంచే నేను నేర్చుకున్నాను. ఆమె చెయ్యి పట్టుకున్నాను. నూలు ఒరిపిడికి గరుకుదేలిన చెయ్యి.

“ఏం గాదక్కా,” అన్నాను. “నీ కొడుకుకు ఏం గాదు.”

ఆమె భుజాలు కిందికి జారాయి. బస్సు వచ్చి ఆగింది, కండక్టరు తొందరపెడుతున్నాడు. ఆమె చెయ్యి వదల్లేదు.

“ఇంకొక్కసారి అను,” అంది.

అన్నాను.